రొట్టెల బండి

"ఇంజనేదే?"

ఎనిడ్ గొంతు పెద్దగా లేవలేదు. అదే జిలియన్‌ను భయపెట్టింది. అమ్మ అరిస్తే సర్దిచెప్పొచ్చు. ఇలా మెల్లిగా అడిగితే ఏం చెప్పాలో ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ తెలీదు.

అక్క ఊళ్ళో వారం పాటు సముద్రపు గాలి పీల్చి, ఆ మధ్యాహ్నమే బస్సు దిగింది ఎనిడ్. ఇంటి తాళం కూడా తియ్యలేదు. భుజాన సంచితోనే తిన్నగా కారు షెడ్డులోకి నడిచింది. ఐవర్ పోయినప్పటి నుంచీ అదో అలవాటు. ఎక్కడికి వెళ్ళొచ్చినా ముందు మొగుడి కారును ఒకసారి చూసుకోవాలి, ఆవపిండి రంగు కప్పు మీద చెయ్యి వెయ్యాలి. ఆ తర్వాతే చెప్పులు విప్పడం.

ఈసారి బానెట్ తెరిచి ఉంది. ఇంజను ఉండాల్సిన చోట పెద్ద గొయ్యి ఉంది. రబ్బరు గొట్టాలను పురికొసతో కట్టి పక్కకు తిప్పారు. తీగల చివర్లకు చిన్న చిన్న కాగితం ముక్కలు అంటించారు. నేల మీద ఒక్క నూనె చుక్క లేదు. ఎవరో బుద్ధిగా తుడిచి మరీ వెళ్ళారు. ఐవర్ బతికుండగా కూడా ఆ షెడ్డు అంత శుభ్రంగా లేదు. ఆ శుభ్రాన్ని చూసేసరికి ఎనిడ్‌కు కడుపు మండిపోయింది.

"అడుగుతోంది నిన్నే."

"రోలండ్ వాళ్ళు తీసుకెళ్ళారమ్మా."

"ఏ రోలండ్?"

"ఏ రోలండేంటమ్మా? రోలండ్ విట్లో. నాన్న కార్ల క్లబ్బు ప్రెసిడెంటు."

ఎనిడ్ తెలియక అడగలేదు. ఆ పేరు కూతురి నోటితోనే వినాలని అడిగింది.

"తాళం ఎవరిచ్చారు?"

అమ్మ వచ్చిందని తెలిసి జిలియన్ తను పనిచేసే మందుల షాపు నుంచి తిన్నగా పరుగెత్తుకొచ్చింది. తెల్లకోటు కూడా విప్పలేదు. ఆ కోటు జేబుల్లో రెండు చేతులూ పెట్టుకుని నేల చూసింది.

"నేనే ఇచ్చాను."

"ఎవర్నడిగి?"

"నిన్నడిగితే ఇవ్వనిస్తావా?"

"అందుకని నేను ఊళ్ళో లేనప్పుడు ఇచ్చావా? దొంగలు కూడా అంతే కదే. ఇంటివాళ్ళు లేనప్పుడే వస్తారు."

ఎంత మాట! జిలియన్ కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. ఎనిడ్ మాత్రం ఆ మాటను వెనక్కి తీసుకోలేదు.

కాల్డర్ కంపెనీ ఒకప్పుడు ఒకే ఇంజనుతో రెండు కార్లు చేసింది. ఒకటి రెండు సీట్లది, పైకప్పు లేనిది. అది వీధిలోంచి వెళ్తే ఇప్పటికీ జనం నడక ఆపి చూస్తారు. రెండోది నాలుగు సీట్లది. వెనక సీట్ల కోసం కప్పును ఎత్తి, పొడుగ్గా లాగి, దాని అందమంతా చెడగొట్టారు. వచ్చిన ఏడాదే దానికి రొట్టెల బండి అని పేరు పడింది. రెండు సీట్ల కారు ఇంజను పగిలిందంటే దాని యజమాని చేసే మొదటి పని ఎక్కడో ఒక రొట్టెల బండిని వెతికి, దాని ఇంజను పీకి, మిగతాది తుక్కుకు తోలడం. మా వైపు క్లబ్బుల్లో దీన్ని ఎవరూ తప్పనుకోరు. కోడిని కోస్తే తప్పని ఎవరనుకుంటారు?

ఐవర్‌ది రొట్టెల బండి. క్లబ్బుకు వెళ్ళిన ప్రతిసారీ ఎవరో ఒకరు బానెట్ తట్టి, "దీన్నెప్పుడైనా విప్పితే ముందు నాకు చెప్పు ఐవర్" అనేవారు. మనిషి నిక్షేపంలా తిరుగుతుండగానే, నీ ఇల్లు ఎవరికి రాశావని అడిగినట్టుండేది. ఆయన నవ్వేసి ఊరుకునేవాడు.

"పద లోపలికి," అంది జిలియన్. "చలిగా ఉంది. కాస్త ఏమైనా తిను, తర్వాత తిడుదువుగాని."

"ఆయన ఉంటే ముట్టుకోనిచ్చేవాడా దీన్ని? ఆ రోలండ్‌ను ఈ గేటు దాటనిచ్చేవాడా?"

"అమ్మా."

"చెప్పవే. దాటనిచ్చేవాడా?"

"నాన్నే ఇచ్చాడమ్మా!" జిలియన్ గట్టిగా అరిచేసింది. "నాన్నే ఇచ్చాడు. ఆస్పత్రిలో. చెయ్యి కలిపి మరీ మాటిచ్చాడు."

షెడ్డు రేకు మీద ఏదో పిట్ట గోళ్ళతో గీరింది. అది ఎగిరిపోయింది.

*

వంటింట్లో బల్లకు అటొకరు ఇటొకరు కూర్చున్నారు. జిలియన్ నారింజ మార్మలేడ్ రాసిన రొట్టె ముక్కను తల్లి ముందు పెట్టింది. ఎనిడ్ దాన్ని ముట్టుకోలేదు. సంచి మాత్రం భుజం మీంచి ఒళ్ళోకి వచ్చింది.

"ఏమన్నాడు?" అంది ఎనిడ్ చివరికి.

"ఎందుకులే అమ్మా ఇప్పుడు."

"ఏమన్నాడో అదే చెప్పు. నీ మాటలు కలపకు."

జిలియన్ బల్ల మీది పొడి రవ్వల్ని వేలితో ఒకచోటికి చేర్చింది.

"రోలండ్ ద్రాక్షపళ్ళు తెచ్చాడు. అది ఇది మాట్లాడారు. ఉన్నట్టుండి నాన్న, 'నేను పోయాక ఇంజను నువ్వు తీసుకో రోలండ్' అన్నాడు. రోలండ్ హడలిపోయాడు. అదేం మాట, నువ్వు లేచి తిరుగుతావు అన్నాడు. నాన్న వినలేదు. 'ఎనిడ్‌కు ఆ బండంటే మొదటి నుంచీ పడదు. నాకోసం ఇన్నేళ్ళు భరించింది. నేను పోయాక కూడా దాన్ని చూస్తూ బతకాల్సిన ఖర్మ ఆమెకెందుకు?' అన్నాడు."

ఎనిడ్ చాలాసేపు కూతురి నోటివైపే చూసింది. ఇంకేదో మాట మిగిలిపోయినట్టు, అది వస్తే ముందు చెప్పిందంతా మారిపోతుందన్నట్టు చూసింది.

"పడదన్నాడా? నాకా?"

"నువ్వే కదమ్మా అనేదానివి. అందరి ముందూ."

"నేనేమన్నానే?"

"ఏమనలేదో చెప్పు! 'ఈ బండిలో ఎక్కితే పావురొట్టె ఎంతని అడుగుతున్నారు' అన్నావు. చర్చి మెట్ల మీద పాస్టరుగారితో, 'మా ఆయనకు నాకంటే అందవిహీనమైంది ఇంకోటి దొరికింది, ఇక నాకు బెంగ లేదు' అన్నావు. దారిలో రెండు సీట్ల కారు ఎదురైతే నాన్న లైట్లు కొట్టి పలకరించేవాడు. వాళ్ళల్లో వాళ్ళు లైట్లు కొట్టుకునేవారు గానీ నాన్నకు తిరిగి కొట్టేవాళ్ళు కాదు. అయినా కొట్టేవాడు. నువ్వేమనేదానివి? 'ఎందుకా లైట్లు? వాళ్ళేమైనా నీ బావమరుదులా?' అనేదానివి. వెనక సీట్లో నేనుండేదాన్నమ్మా. అన్నీ విన్నాను."

"నవ్వేవాడు కదే."

"నవ్వేవాడు."

"మరి?"

జిలియన్ రవ్వల కుప్పను వేలితో మళ్ళీ చెదరగొట్టింది.

ఎనిడ్‌కు ఆ మొదటి ఆదివారం గుర్తొచ్చింది. పబ్బు వెనక గడ్డిమైదానంలో కార్లన్నీ వరసగా నిలబెట్టారు. ముందు వరసలో రెండు సీట్లవి తళతళలాడుతున్నాయి. ఐవర్ కొత్తగా కొన్న కారుతో ఎంతో సంబరంగా లోపలికి తిప్పాడు. ఎవరో చెయ్యి ఊపి చెత్తడబ్బాల పక్కన కంచె చూపించారు. ఇంకెవరో, "రొట్టెలొచ్చాయి!" అని అరిచారు. అందరూ ఘొల్లున నవ్వారు. ఐవర్ చెవులు ఎర్రగా కందిపోయాయి. చేతిలో సిగరెట్టు వెలిగించుకోవడం కూడా మరిచిపోయాడు.

అప్పుడు ఎనిడే కారు దిగి, "నిన్నటి రొట్టెలైతే సగం ధరకే ఇస్తాం!" అని అందరికంటే గట్టిగా అంది. నవ్వు ఆమె వైపు తిరిగింది. ఐవర్ కూడా నవ్వాడు. ఆయన చెవుల్లో ఎరుపు తగ్గింది. ఆ రోజు నుంచీ వాళ్ళు నోరు తెరవకముందే తనే ముందు అనేసేది. పరాయివాడి చేత పడే దెబ్బకు తన అరచెయ్యి అడ్డం పెట్టినట్టే అనుకుంది. ఇన్నేళ్ళూ అదే అనుకుంది.

"శనివారాలు కొండల మీదికి వెళ్ళేవాళ్ళం," అంది ఎనిడ్. కూతురికి చెబుతున్నట్టు లేదు. "ఫ్లాస్కు నా మోకాళ్ళ మధ్య పెట్టుకునేదాన్ని. వచ్చేటప్పుడు నిద్రపోయేదాన్ని. పడని బండిలో ఎవరైనా అంత నిద్ర పోతారా? ఆ మాత్రం తెలీదా ఆయనకు?"

"చెప్పావా ఎప్పుడైనా?"

"ఏమని చెప్పాలే?"

"నాకు ఈ కారంటే ఇష్టమని."

ఎనిడ్ ఒళ్ళోని సంచి పట్టీని వేలికి చుట్టుకుంది. తలుపు మూశాక, ఇద్దరే ఉన్నప్పుడు, ఒక్క మాట. ఎంతసేపు పడుతుంది? ఆ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల ఆయన చచ్చిపోతూ కూడా తనకేదో బరువు దింపుతున్నాననుకున్నాడు.  బల్ల అంచును రెండు చేతులా పట్టుకుంది.

"నేనూ మంచిదాన్నేం కాదు," అంది జిలియన్. "బడి మలుపులోనే దింపెయ్యి నాన్నా అనేదాన్ని. పిల్లలు చూస్తారని. ఆయన ఎందుకని అడిగేవాడు కాదు. మలుపులోనే ఆపేవాడు."

"నువ్వు చిన్నపిల్లవి."

"ఇప్పుడు కాను కదా. ఈ ఎనిమిది నెలలూ నువ్వు పొద్దున్నే లేచి ఆ షెడ్డులో కూర్చుంటున్నావు. తిండి లేదు. పలకరిస్తే పలకవు. ఆ కారు నిన్ను తినేస్తోందనుకున్నాను. నాన్న చెప్పిందే నిజమనుకున్నాను. అది పోతే మా అమ్మ మళ్ళీ మనిషవుతుందనుకున్నాను." ఆగింది.  "ఇంకొకటుంది. నువ్వు నన్ను కొట్టినా సరే, చెప్తాను."

"ఏంటి?"

"మాటిచ్చేటప్పుడు నాన్న ఒకటన్నాడు. 'ముందు ఎనిడ్‌ను ఒక్కసారి అడుగు. వద్దంటే వదిలెయ్యి' అన్నాడు. రోలండ్ మర్చిపోలేదు. అడగడానికే వచ్చాడు. నువ్వు అప్పటికే బస్సెక్కేశావు. అమ్మకు సంతోషమే, తీసుకెళ్ళండి అని నేను చెప్పేశాను."

ఎనిడ్ కొట్టలేదు. కొట్టి ఉంటే జిలియన్‌కు కాస్త ప్రాణం తేలికపడేది. ఆమె లేచి, ఒళ్ళోని సంచిని కుర్చీలో పెట్టి, నడవలోకి వెళ్ళి ఫోను ఎత్తింది.

*

"ఎనిడ్! ఎప్పుడొచ్చారు? గాలిమార్పు బాగా పనిచేసిందా?" రోలండ్ విట్లో గొంతు ఎప్పటిలాగే విందులో ఉపన్యాసమిస్తున్నట్టుంది.

"నా ఇంజను నాకు తెచ్చి పెట్టండి."



"ఎనిడ్, అది ఐవర్ నాకిచ్చాడు. చెయ్యి కలిపి ఇచ్చాడు."

"నన్నడగమన్నాడు కూడా."

"అడిగాను. మీకు సంతోషమేనని జిలియన్ చెప్పింది."

"నేను చెప్పానా?"

"అమ్మాయి చెబితే నమ్మనా? అయినా మీరే కదా, క్రితం క్రిస్మస్ విందులో లేచి నిలబడి, 'ఈ రొట్టెల బండి గేటు దాటిన రోజున బ్యాండు మేళం పెట్టిస్తాను' అన్నారు? అందరం కడుపు చెక్కలయ్యేలా నవ్వాం."

ఎనిడ్ గోడకు ఆనుకుంది. తన మాటే, తన గొంతులోని ఆ వెటకారంతో సహా, రోలండ్ దాచి ఉంచి తెచ్చి ఇచ్చాడు.

"నవ్వారు," అంది. "మీరు నవ్వాలనే అన్నాను. మీరు ఆయన్ను చూసి నవ్వకుండా ఉండాలని అన్నాను. రోలండ్, మీకు దండం పెడతాను. తిరిగి పెట్టెయ్యండి."

ఆమె ఎవరికీ దండం పెట్టే మనిషి కాదు. రోలండ్‌కూ ఆ సంగతి తెలుసు.

"బిగించేశాం ఎనిడ్," అన్నాడు. గొంతులో ఉపన్యాసం పోయింది. "నా కారు ఇంజను పగిలి మూడేళ్ళు. దుప్పటి కప్పుకుని పడుంది. నిన్న మొదటిసారి పలికింది. నేను... అరవై తొమ్మిదేళ్ళవాణ్ణి, కూర్చుని ఏడ్చాను. ఇది ఫోన్లో తేలేది కాదు. నేను వస్తున్నాను. ఎదురెదురుగా కూర్చుని మీరేం చెబితే అది చేద్దాం."

"నేను చెప్పేది చెప్పేశాను."

"ఎదురుగా చెప్పండి," అని ఫోను పెట్టేశాడు.

*

వాళ్ళిద్దరూ మళ్ళీ వంటింట్లోనే కూర్చున్నారు. ఎండ కిటికీ మీంచి పళ్ళేల అలమరా మీదికి జరిగింది.

"ఇస్తాడంటావా?" అంది ఎనిడ్.

"మీరేం చెబితే అది అన్నాడుగా. ఇస్తాడేమో." జిలియన్ కిటికీలోంచి షెడ్డు వైపు చూసింది. "తిరిగి పెట్టాక ఎవరు నడుపుతారమ్మా? నీకు రాదు. నాకు మామూలు కారే సరిగ్గా రాదు. మళ్ళీ షెడ్డులో అలాగే పడుంటుంది."

"నేర్చుకుంటాను."

"ఈ వయసులోనా?"

"ఈ వయసులోనే కదే మొగుడు లేకుండా పడుకోవడం నేర్చుకున్నాను. అది వచ్చినప్పుడు ఇది రాదా?"

జిలియన్ తల దించుకుంది. తల్లి చేతిని పట్టుకోబోయింది. ఎనిడ్ చెయ్యి తియ్యలేదు, ఇవ్వనూ లేదు. ఆ చెయ్యి బల్ల మీద అలాగే పడి ఉంది.

అప్పుడు వినిపించింది.

దూరంగా, చిన్నచర్చి మలుపు దగ్గర, బొంగురుగా మొదలైంది. వంతెన దిగి ఎత్తు ఎక్కేచోట ఒక్కసారి తగ్గింది. గేరు మారింది. మారగానే చిన్న దగ్గు. ఆ దగ్గు పోగొట్టడానికి ఐవర్ ఎన్ని ఆదివారాలు బానెట్‌లోకి తలకిందులుగా వేలాడాడో లెక్కలేదు, అది పోలేదు. దగ్గాక సర్దుకుని, నిండుగా, హాయిగా పైకి వస్తోంది.

ఎనిడ్ కుర్చీలోంచి లేచింది. కెటిల్‌లో నీళ్ళు పట్టి పొయ్యి మీద పెట్టింది. రెండు కప్పులు తీసింది. అందులో ఒకటి అంచు నీలంగా ఉండే ఐవర్ కప్పు. దానిలో ముందుగా పాలు పోసింది, ఆయనకు అలాగే ఇష్టం.

"వచ్చేశాడు," అంది. ఎంతో మామూలుగా అంది.

"అమ్మా..."

"ఆ రొట్టె ముక్క తీసెయ్. ఆకలితో వస్తాడు, తాజాగా కోద్దాం."

జిలియన్ రెండు చేతులతో నోరు మూసుకుంది. ఎనిడ్ వెనక్కి తిరిగి ఆ మొహం చూసింది. చేతిలో పాలజగ్గు అలాగే ఉంది. అప్పుడు అర్థమైంది ఆమెకు. ముప్పై ఏళ్ళపాటు రోజూ సాయంత్రం విన్న ఆ చప్పుడు ఇంటి ముందుకొచ్చి ఆగుతోంది. దాన్ని నడుపుతున్నవాడు ఐవర్ కాడు.

జగ్గును జాగ్రత్తగా బల్ల మీద పెట్టి బయటికి నడిచింది.

గేటు ముందు ఎర్రటి రెండు సీట్ల కాల్డర్ నిలబడి ఉంది. పైకప్పు లేదు, ఎండలో మెరిసిపోతోంది. ఎదురింటి మిసెస్ ప్రాసర్ అప్పుడే గోడ మీంచి సగం వంగిపోయింది.

"అబ్బ, ఎంత బాగుంది రోలండ్! కారంటే ఇదీ! మా వీధికి ఇన్నాళ్ళకు ఒక అందమైన కారొచ్చింది!"

రోలండ్ ఆమె వైపు చూడలేదు. టోపీ తీసి పక్కసీట్లో పెట్టాడు. ఎనిడ్ మెట్లు దిగి రావడం చూసి, మర్యాదగా లేవబోతూ తాళంచెవి మీదికి చెయ్యి పోనిచ్చాడు.

"ఆపకండి," అంది ఎనిడ్.

"ఏమిటి?"

"ఇంజను ఆపకండి."

ఆమె కారు ముందుకొచ్చి నిలబడింది. ఎర్రటి బానెట్ మీద అరచెయ్యి పెట్టింది. అది వెచ్చగా ఉంది, లోపల కొట్టుకుంటోంది. ఎనిమిది నెలలుగా ఆవపిండి రంగు రేకు మీద ఎన్నిసార్లు చెయ్యి వేసినా ఈ వెచ్చదనం తగల్లేదు. ఆమె కళ్ళు మూసుకుంది. నీళ్ళు వాటంతటవే కారుతున్నాయి, తుడుచుకోలేదు.

గుమ్మంలో జిలియన్ ఉంది. గోడ మీంచి వంగిన మిసెస్ ప్రాసర్ మెల్లిగా నిటారుగా లేచింది.

"ఎనిడ్," అన్నాడు రోలండ్ చాలా మెల్లిగా. "మీరేం చెబితే అది అన్నాను. మాట తప్పను. రేపే తీసి మీ బండిలో పెట్టిస్తాను. కానీ తియ్యాలంటే ముందు దీన్ని ఆపాలి కదా."

వంటింట్లో కెటిల్ కూత పెట్టింది. ఎవరూ లోపలికి వెళ్ళలేదు.

"కాసేపు," అంది ఎనిడ్, చెయ్యి తియ్యకుండానే. "ఒక్క కాసేపు ఆపకండి రోలండ్. ఆయనతో ఒక మాట చెప్పాలి."